ఆఫ్రికా సంప్రదాయ మతాలలో పరమ దైవాల పేర్లు: అన్నింటినీ "దేవుడు" అని తెలుగు చేయవచ్చునా?

గౌతమి తీరం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. పిల్లల విజ్ఞాన సంచిక ఒకదానికి ఆఫ్రికా ప్రజల సంప్రదాయ మతాల గురించి నాలుగు పుటల వ్యాసం రాసే పని నా మీద పడింది. పేర్ల పట్టికలు తేలికగానే దొరికాయి. నైజీరియాలోని యొరుబా వారికి ఒలోరున్, ఇగ్బో వారికి చుక్వు, ఘనాలోని అకాన్ వారికి న్యామె, దక్షిణాఫ్రికాలోని జూలూ వారికి ఉన్‌కులున్‌కులు, కెన్యాలోని కికుయు వారికి ఙాయ్, ఉగాండాలోని అచోలి వారికి రుబాంగ. ఇబ్బంది అంతా రెండో గడిలో ఉంది. అర్థం రాయవలసిన ఆ గడిలో ప్రతి పేరుకూ ఎదురుగా "సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, సృష్టికర్త, ఆకాశంలో ఉండేవాడు" అన్న నాలుగు మాటలే అటూ ఇటూ మారుతూ కనిపిస్తున్నాయి. వెయ్యికి పైగా భాషలున్న ఖండంలో ఇన్ని జాతుల వారు ఒకే నాలుగు మాటలు అనుకున్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఈ పేర్లకు ఆయా భాషలలో ఉన్న అసలు అర్థాలు తెలిసినవారు చెప్పగలరా? ఇంకొక సందేహం కూడా ఉంది. తెలుగులో వాక్యం పూర్తి చేయాలంటే ఆయన, ఆమె, అది అన్న వాటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక ఎలా చేయాలి?

పాత నిఘంటువు రాశారు:

మీ అనుమానం సరైనదే. యొరుబాతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో ఒక సంధి ఉంది, సంధులు మనకు చుట్టాలే. ఆ భాషలో "ఒని" అంటే కలిగినవాడు, యజమాని. "ఇలె" అంటే ఇల్లు కాబట్టి "ఒనిలె" ఇంటి యజమాని. పరపదం ఇకారంతో కాక మరొక అచ్చుతో మొదలైతే నకారం లకారంగా మారి, ముందున్న అచ్చు కూడా పరపదంలోని అచ్చును అనుసరిస్తుంది. "ఒకొ" అంటే పొలం, "ఒలొకొ" పొలం గలవాడు. "ఒరున్" అంటే ఆకాశం, పైలోకం, అందువల్ల "ఒలోరున్". వ్యాకరణం ప్రకారం చూస్తే ఇది పొలానికి ఆసామి ఉన్నట్లుగా ఆకాశానికి ఒక ఆసామి ఉన్నాడని చెప్పే మాట తప్ప, అందులో సృష్టి గురించి గాని, సర్వజ్ఞత గురించి గాని ఒక్క అక్షరమూ లేదు.

యొరుబా వారి మరొక పేరు "ఒలొడుమరె". దీని వ్యుత్పత్తి మీద ఆ భాషా పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు కాబట్టి, మీ వ్యాసంలో దానికి ఒకే అర్థం రాయకండి. ఒలొడుమరెకు సాధారణంగా గుళ్లు, పూజారులు ఉండరు. నిత్య పూజలు, నైవేద్యాలు ఒరిషాలనే దేవతలకు జరుగుతాయి. ఒరిషాలను 400 మంది అని, దానికి మరొకటి కలిపి 401 అని లెక్క చెప్పడం ఆనవాయితీ. ఆ అదనపు ఒకటి లెక్క ముగిసిపోలేదని చెప్పడానికే అన్న వివరణ నాకు నచ్చింది. నూటపదహార్లు చదివించే మనకు అది వింతగా ఉండదు.

కుమాసి రోజులు రాశారు:

నేను ఘనాలోని కుమాసి నగరంలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. అకాన్ ప్రజల సంగతి కొంత చెప్పగలను. అక్కడ టాక్సీ అద్దం మీద, ప్లాస్టిక్ కుర్చీ వెనుక, బట్టల అద్దకంలో ఎక్కడ చూసినా ఒక మెలికల గుర్తు కనిపిస్తుంది. దాని పేరు "జె న్యామె", అంటే "న్యామె తప్ప" అని అర్థం. వాక్యం అక్కడితోనే ఆగిపోతుంది. ఏమి తప్ప, ఎవరు తప్ప అన్నది చూసేవారే పూరించుకోవాలి.

న్యామెకు వారం కూడా ఉంది. అకాన్ వారు బిడ్డకు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు పెడతారు. శనివారం పుట్టిన మగబిడ్డ క్వామె, శుక్రవారం పుట్టినవాడు కోఫి. క్వామె ఎన్‌క్రుమా, కోఫి అన్నన్ పేర్లలో మొదటి మాటలు అవే. వారి పరమ దైవానికి కూడా ఇలాగే "ఒన్యాంకొపొన్ క్వామె" అన్న పేరుంది, అంటే శనివారపు ఒన్యాంకొపొన్. అకాన్ వారిలో ఒక శాఖ అయిన అసాంటె వారికి భూదేవి అసాసె యా, గురువారపు ఆడబిడ్డ. ఆ వారం నేలను తవ్వకూడదన్న నియమం ఉండేది. అదే భూదేవి మరో శాఖ అయిన ఫాంటె వారి దగ్గర శుక్రవారపు బిడ్డగా అసాసె ఎఫువా అయింది. శనివారం అనగానే మనవాళ్లకు ఏడుకొండలవాడు గుర్తుకు వస్తాడు గానీ, ఆ రెండింటికీ ఏ సంబంధమూ లేదని ముందే చెప్పి ఉంచుతున్నాను. ఈ వేదికలో అటువంటి పోలికలు ఎక్కడికి దారితీస్తాయో మనకు అనుభవమే.

ఒకప్పుడు ఆకాశం చేతికి అందేంత కిందనే ఉండేదట. ఒక ముసలమ్మ ఫుఫు, అంటే ఉడికించిన దుంపల ముద్ద దంచుతూ ఎత్తిన రోకలి ప్రతిసారీ ఒన్యాంకొపొన్‌కు తగులుతుంటే, విసిగి పైకి, ఇంకా పైకి వెళ్లిపోయాడని అక్కడ కథ చెబుతారు. అయినా దూరమైపోయాడని వారు అనుకోరు. పాత అసాంటె ఇళ్ల ముంగిట "న్యామెదువా", అంటే న్యామె చెట్టు అనే పంగల కర్ర పాతి, దాని పంగలో నీటి కుండ ఉంచేవారు. "పసిబిడ్డకు న్యామెను ఎవరూ చూపించరు" అని ఒక సామెత కూడా ఉంది. వెల్లకిలా పడుకున్న బిడ్డకు కనిపించేది ఆకాశమే కదా.

మీ పట్టికను తారుమారు చేసే సామెత మరొకటి ఉంది. అకాన్ వారు సృష్టి చేసే దైవాన్ని "ఒడొమాంకొమ" అని కూడా అంటారు. "ఒడొమాంకొమ మృత్యువును చేశాడు, మృత్యువు ఒడొమాంకొమను చంపింది" అని వారు చెప్పుకుంటారు. "నిత్యుడు" అన్న గడిలో దీన్ని ఎక్కడ పెడతారో మీరే ఆలోచించండి.

సందేహాల శాస్త్రి రాశారు:

అందరి వివరణలూ చదివాను, బాగున్నాయి. అయితే మనం చెట్లను చూస్తూ అడవిని మరచిపోతున్నామేమో. ఆకాశపు ఆసామి అన్నా, న్యామె అన్నా, మరొకటి అన్నా అన్ని జాతులూ ఒకే పరతత్త్వాన్ని వేర్వేరు పేర్లతో పిలిచాయన్నది స్పష్టంగానే ఉంది కదా. "ఏకం సత్ విప్రా బహుధా వదంతి" అని వేదం చెప్పింది కూడా అదే. పిల్లల వ్యాసానికి ఆ ఒక్క మాట చాలదా? అన్నింటికీ "దేవుడు" అని రాసి, పక్కన స్థానిక నామం ఇస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

చెరువుగట్టు రాశారు:

శాస్త్రి గారూ, మీ మాటను కాదనడానికి నేను వాదం చేయను. ఉత్తర ఉగాండాలోని అచోలి ప్రజల మధ్య జరిగిన ఒక సంఘటన చెబుతాను. దీన్ని ఆ జాతికే చెందిన కవి, పరిశోధకుడు ఒకొట్ ప్‌బిటెక్ గ్రంథస్థం చేశారు.

1911లో ఇటలీ నుంచి వచ్చిన క్యాథలిక్ మతగురువులు కొందరు అచోలి పెద్దలను కూర్చోబెట్టి "మిమ్మల్ని ఎవరు సృష్టించారు?" అని అడిగారు. అచోలివారు మాట్లాడే లువో భాషలో, లేనిదాన్ని ఉన్నట్లు చేయడం అనే అర్థంలో "సృష్టి"కి సమానమైన మాట లేదు. కాబట్టి ఆ ప్రశ్న వారి చెవికి "మిమ్మల్ని ఎవరు మలిచారు?" అని చేరింది. కుండను మలుస్తారు, మనిషిని మలచడమేమిటి? మనుషులు తల్లి కడుపున పుడతారు కదా. తెలియదని పెద్దలు చెప్పారు. గురువులు ఊరుకోలేదు, జవాబు చెప్పి తీరాలన్నారు. అప్పుడు ఒక పెద్దకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. చక్కగా పుట్టిన మనిషి వెన్నెముకకు క్షయ సోకినప్పుడు అతని ఆకారం మారిపోయి గూని ఏర్పడుతుంది. అలా మనిషిని వంచి, మరొక రూపంలో మలిచే దుష్టశక్తి ఒకటుంది. దాని పేరు రుబాంగ. "మనుషులను మలిచేది రుబాంగ" అని ఆ పెద్ద జవాబు చెప్పాడు.

రాసుకునేవారు రాసుకున్నారు. అప్పటి నుంచి అచోలి క్రైస్తవుల ప్రార్థనలలో, బోధలలో లోకాన్ని సృష్టించిన పరమ దైవానికి రుబాంగ అన్న పేరే స్థిరపడింది. ప్రశ్నలో ముందే ఒక సృష్టికర్తను కూర్చోబెట్టి అడిగితే, జవాబులో ఆ కుర్చీలోకి ఎవరో ఒకరు వచ్చి తీరతారు. గౌతమి తీరం గారు చూసిన పట్టికలలోని రెండో గడి చాలాచోట్ల ఇలాగే నిండింది. సర్వశక్తిమంతుడు, సర్వవ్యాపి వంటి మాటలను ఆఫ్రికా దేవతలకు తొడగడం అంటే వారికి గ్రీకు దుస్తులు వేయడమేనని ప్‌బిటెక్ వాదించారు. ఆ విమర్శ ఐరోపా వారికే పరిమితం కాలేదు. ఖండమంతటా దేవుడి భావన ఒక్కటేనని పేర్లను పోగుచేసిన కెన్యా మతాచార్యుడు జాన్ ఎంబిటిని కూడా ఆయన విడిచిపెట్టలేదు. గ్రీకు దుస్తులు విప్పి మనం పట్టుపంచె కట్టడం కూడా అదే పని అవుతుందని నా భయం.

పాత నిఘంటువు రాశారు:

చెరువుగట్టు గారు చెప్పినదానికి కొనసాగింపుగా రెండు ఉదాహరణలు. యొరుబా జాతికే చెందిన బిషప్ శామ్యూల్ అజాయి క్రౌథర్ 19వ శతాబ్దంలో బైబిలును తన మాతృభాషలోకి తెచ్చినప్పుడు దేవుడికి ఒలోరున్ అన్న పేరునే తీసుకున్నారు. యొరుబా ముస్లింలు కూడా ఆ పేరు వాడతారు కాబట్టి అది బాగానే అమరింది. అయితే సైతానుకు "ఎషు" అన్న పేరు వాడారు. ఎషు దుష్టుడు కాడు. ఒలొడుమరెకు, ఒరిషాలకు, మనుషులకు మధ్య కబుర్లు చేరవేసే దూత, కూడళ్ల దేవత, కొంత తుంటరి. ఎషు సైతాను కాదని ఆ సంప్రదాయం వారు ఇప్పటికీ చెప్పుకోవలసి వస్తోంది.

ఖండానికి దక్షిణాన మాట్లాడే త్స్వానా భాషలోకి మతప్రచారకుడు రాబర్ట్ మొఫాట్ 1857లో పూర్తి చేసిన బైబిలులో దేవుడికి "మొదిమో" అన్న మాట దక్కింది. "బదిమో" అంటే కాలం చేసిన పెద్దలు, ఇంటికి కాపు కాసేవారు. ఆ బదిమోను దయ్యాలకు పర్యాయపదంగా వాడారు. మనం పెద్దలకు పెట్టే రోజున బట్టలు పెట్టి దండం పెట్టుకునే తాత ముత్తాతలను ఎవరో దయ్యాలని తర్జుమా చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నాతాల్ మనవరాలు రాశారు:

మా ముత్తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాతాల్ చెరకు తోటలకు వెళ్లారు. మొదటి ఓడ డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. నేను అక్కడే పుట్టి, పెళ్లి తరువాత హైదరాబాదు వచ్చాను. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, జూలూ మాత్రం వీధిలోనే నేర్చుకున్నాను.

జూలూలో "ఖులు" అంటే పెద్ద. ఆకారంలో పెద్ద, వయసులో పెద్ద, రెండింటికీ అదే మాట. తాతను "ఉమ్ఖులు" అంటారు. ఆ మాటనే రెట్టిస్తే ఉన్‌కులున్‌కులు, అంటే పెద్దలకు పెద్ద. తెలుగులో "పెద్ద" అన్న మాటకు పరిమాణం, వయసు, చనిపోయిన పూర్వికులు అన్న మూడు అర్థాలూ ఉన్నందువల్ల, ఇంగ్లిషు వారికి పెద్ద సమస్య అయిన ఈ పేరు మా అమ్మమ్మకు ఎన్నడూ సమస్య కాలేదు. ఆవిడ ఉన్‌కులున్‌కులును "పెద్దాయన" అనేది.

ఇంగ్లిషు వారి సమస్య ఏమిటంటే, 1854లో నాతాల్ అంతా తిరిగిన బిషప్ కొలెన్సో అక్కడివారిని అడిగి, ఉన్‌కులున్‌కులు, ఉమ్వెలింకాంగి అన్న రెండు పేర్లూ దేవుడికి తగినవని తీర్మానించాడు. ఉమ్వెలింకాంగి అంటే అందరికన్నా ముందు బయటికి వచ్చినవాడు. తరువాత హెన్రీ కాలవే అనే మరొక మతగురువు ఏళ్ల తరబడి జూలూ వారి మాటలను ఉన్నవి ఉన్నట్లుగా రాసుకొని, 1868 నుంచి అచ్చు వేశాడు. ఆ మాటలలో చాలామంది ఉన్‌కులున్‌కులును తమ తాత ముత్తాతలలో మొట్టమొదటి మనిషిగా, "ఉహ్లాంగ" నుంచి విడివడి వచ్చినవాడిగా చెప్పారు. ఉహ్లాంగ అంటే రెల్లు, మనుషులకు మూలం అని కూడా అర్థం. అంత పాతవాడికి కొలుపులు చేసేవారు ఎవరూ మిగలలేదని, తమ తండ్రులు, తాతలు తెలుసు కాబట్టి వారినే కొలుస్తామని వారు వివరించారు. దేవుడా, మూలపురుషుడా అన్న తగవు అక్కడ మొదలైంది. ఈ తగవు నడుస్తున్న సంవత్సరాలలోనే మావాళ్లు డర్బన్‌లో ఓడలు దిగుతున్నారు.

మనుషులు చావరని చెప్పి రమ్మని ఉన్‌కులున్‌కులు ఊసరవెల్లిని పంపాడట. అది దారిలో పండ్లు తింటూ ఆలస్యం చేసింది. తరువాత చావు కబురుతో పంపిన బల్లి ముందుగా చేరింది. జూలూ వారికి ఊసరవెల్లి అంటే ఇప్పటికీ కోపం.

పాత నిఘంటువు రాశారు:

అమ్మా, మీ తెలుగులో తప్పులు నాకు కనిపించలేదు. ఉహ్లాంగ గురించి ఒక మాట. రెల్లు అన్న మాటే మూలం అన్న అర్థం ఇవ్వడం విడ్డూరంగా తోచేవారు మన నిఘంటువులో "వంశము" అన్న పదం చూడండి. వెదురు అనీ, కులపరంపర అనీ రెండర్థాలూ అక్కడే ఉన్నాయి. కణుపు మీద కణుపుగా పెరిగే మొక్కను చూసి తరాలను తలచుకోవడం రెండు చోట్లా విడివిడిగా జరిగింది.

కుమాసి రోజులు రాశారు:

ఇగ్బో పేరు మిగిలిపోయింది, క్లుప్తంగా చెబుతాను. "చి" అంటే ప్రతి మనిషికీ తోడుగా ఉండే స్వంత దైవం, "ఉక్వు" అంటే గొప్ప. రెండూ కలిస్తే చుక్వు, మహా చి. "చినేకె" అన్న మరో పేరుకు సృష్టించే చి అని అర్థం.

చెరువుగట్టు రాశారు:

చిన్న సవరణ. చినేకెను "చి నా-ఎకె" అని విడదీస్తే సృష్టించే చి అవుతుంది. "చి నా ఎకె" అని విడదీస్తే చి, ఎకె అన్న ఇద్దరి పేరు అవుతుంది. ఈ రెండో విడదీతే పాతదని, మొదటిది క్రైస్తవం వచ్చాక బలపడిందని వాదించే ఇగ్బో పండితులున్నారు. చుక్వు పేరు కూడా అరోచుక్వు అనే చోట ఉన్న ప్రశ్న చెప్పే క్షేత్రం ద్వారా, అక్కడి వర్తకుల ద్వారా దూరప్రాంతాలకు వ్యాపించిందని కొందరి వాదన. ఆ క్షేత్రాన్ని బ్రిటిషు సైన్యం 1901-02లో దండెత్తి ధ్వంసం చేసింది. చిని మన నుదుటి రాతతో పోల్చకండి. "మనిషి సరే అంటే అతని చి కూడా సరే అంటుంది" అని వారి సామెత. మన రాత అంత తేలికగా సరే అనదు.

గౌతమి తీరం రాశారు:

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. ఙాయ్ సంగతి కూడా ఎవరైనా చెబితే, లింగం గురించి నేను అడిగిన ప్రశ్నకు వెళదాం.

పాత నిఘంటువు రాశారు:

ఆ పేరును ఙతో రాసినందుకు మీకు అభినందనలు. ఒకటో తరగతిలో నేర్చుకొని పక్కన పెట్టిన అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది. కికుయు వారు ఈ పేరును పొరుగున పశువులు మేపుకునే మాసాయి వారి "ఎన్‌కాయ్" నుంచి తీసుకున్నారని చెబుతారు. కిరిన్యాగ, అంటే మనం కెన్యా పర్వతం అనే 5,199 మీటర్ల కొండ ఙాయ్ నివాసం. అటు ముఖం పెట్టి ప్రార్థిస్తారు. టాంజానియాలోని అగ్నిపర్వతం ఒల్ డొయిన్యొ లెంగాయ్ పేరుకు కూడా ఎన్‌కాయ్ కొండ అనే అర్థం.

మాసాయి భాషలో ఎన్‌కాయ్ అంటే దైవం మాత్రమే కాదు, వాన, ఆకాశం కూడా. ముందున్న "ఎన్" స్త్రీలింగ ప్రత్యయం. మీ రెండో ప్రశ్నకు ఇది నేరుగా తగులుతుంది. మాసాయి వారికి ఎన్‌కాయ్ నరొక్, అంటే నల్లని ఎన్‌కాయ్ చల్లనిది, పచ్చికనిచ్చేది. ఎన్‌కాయ్ నన్యొకియె, అంటే ఎర్రని ఎన్‌కాయ్ ఆగ్రహించేది, కరువు తెచ్చేది. పశువులే బతుకైన వారికి నల్లమబ్బు కన్నా శుభం ఏముంటుంది? ఇథియొపియాలోని ఒరొమొ ప్రజలు కూడా తమ "వాకా"ను నల్లని వాకా అని కీర్తిస్తారు. వాకా అంటే ఆకాశమే. వానలు వెలిసిన తరువాత బిషొఫ్తు దగ్గరి చెరువు గట్టున పచ్చగడ్డి, పూలు చేతబట్టి ఇర్రెచా పండుగ జరుపుకుంటారు. కెన్యా, సొమాలియా సరిహద్దులోని ఎల్ వాక్ అనే ఊరి పేరుకు వాక్ బావి అని అర్థం. అక్కడివారు ముస్లింలై ఎన్నో తరాలు గడిచినా బావి పేరు మారలేదు. నీలమేఘశ్యాముణ్ణి కొలిచే మనం నలుపును శుభం అన్నవారిని చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. ఈ ఒక్క పోలిక కుమాసి వారు క్షమిస్తారనుకుంటాను.

సందేహాల శాస్త్రి రాశారు:

రుబాంగ కథ చదివాక నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. పూర్తిగా కాదు. పేర్లు వేరు, ప్రశ్నలు వేరు అని ఒప్పుకుంటాను. అయినా పిల్లలకు ఏదో ఒక తెలుగు మాట ఇవ్వాలి కదా. మాసాయి వారి కోసం "దేవత" అని, యొరుబా వారి కోసం "దేవుడు" అని రాస్తామా?

నాతాల్ మనవరాలు రాశారు:

జూలూలో ఆయన, ఆమె అన్న తేడానే లేదు. మనిషి ఎవరైనా క్రియకు ముందు ఒకే ప్రత్యయం వస్తుంది. పెద్దాయన అన్నది మా అమ్మమ్మ తెలుగు, జూలూ వారి మాట కాదు.

కుమాసి రోజులు రాశారు:

అకాన్ భాషలోనూ అంతే. రోకలి కథలో "వెళ్లిపోయాడని" రాసింది నేనే. ఆ "డు" నా తెలుగు తెచ్చిపెట్టింది. క్వామె మగ పేరన్న ఒక్క ఆధారం తప్ప న్యామెను మగవాడిగా చూపే సర్వనామం వారి భాషలో లేదు.

పాత నిఘంటువు రాశారు:

యొరుబాలో, ఇగ్బోలో కూడా సర్వనామానికి లింగం లేదు. ఆసామి అని నేను రాసినప్పుడు నాదీ అదే పొరపాటు. "దేవుడు" అన్న మాటలో డుప్రత్యయం ఉన్నంతవరకు మగవాడు వచ్చి కూర్చుంటాడు. అందుకే ఒక పాత మాట సూచిస్తాను, "వేలుపు". ఇందులో డుప్రత్యయం లేదు. ఇలవేలుపు అయ్యా కావచ్చు, అమ్మా కావచ్చు. ఆడ దేవతలని ప్రత్యేకించి చెప్పాలనుకున్నప్పుడు మన కవులు వేలుపుటాండ్రు అని వేరే మాట వాడారంటే, వేలుపు అన్న మాట ఒక్కటే లింగాన్ని తేల్చి చెప్పదని అర్థం.

సందేహాల శాస్త్రి రాశారు:

వేలుపు అంటే చిన్న దేవతలు అన్న ధ్వని వస్తుందేమో. పైగా వాక్యంలో "వేలుపు ఉంది" అనాలా, "ఉన్నారు" అనాలా?

పాత నిఘంటువు రాశారు:

"తొలి వేలుపు" అనండి, చిన్నతనం పోతుంది. క్రియకు "వారు, ఉన్నారు" వాడితే గౌరవం దక్కుతుంది గానీ, పిల్లలు బహువచనం అనుకునే ప్రమాదం ఉంది. నా సలహా ఏమిటంటే, సర్వనామమే లేకుండా వాక్యం కట్టండి, పేరునే మళ్లీ రాయండి. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా నడుస్తుంది.

గౌతమి తీరం రాశారు:

రాత్రి కూర్చుని మూడు పేర్లకు కొత్తగా రాసి చూశాను. తప్పులుంటే చెప్పండి.

"ఒలోరున్: యొరుబా ప్రజల తొలి వేలుపు. ఈ మాటకు ఆకాశం తన సొత్తుగా గల దైవం అని అర్థం. పూజలు ఎక్కువగా ఒరిషాలకు జరుగుతాయి."

"ఉన్‌కులున్‌కులు: జూలూ భాషలో పెద్దలకు పెద్ద. రెల్లు నుంచి విడివడి వచ్చిన మొట్టమొదటి పూర్వికుల పేరుగా చాలామంది చెప్పారు. ఇప్పుడు జూలూ క్రైస్తవులు దేవుణ్ణి ఈ పేరుతోనే పిలుస్తారు."

"రుబాంగ: అచోలి ప్రజలు ఒకప్పుడు గూని కలిగించే శక్తిని ఇలా పిలిచేవారు. 1911లో అడిగిన ఒక ప్రశ్న వల్ల ఈ పేరు సృష్టికర్తకు వచ్చింది."

"సర్వశక్తిమంతుడు" అన్న గడిని పట్టిక నుంచి తీసేశాను. ఆ స్థానంలో "ఈ పేరును ఎవరు, ఎవరిని అడిగి రాసుకున్నారు?" అని పెట్టాను. కొన్ని పేర్ల ఎదురుగా అది ఖాళీగానే ఉంటుంది.

నాతాల్ మనవరాలు రాశారు:

రెండోదానిలో "పూర్వికుల పేరుగా" అన్నచోట "పూర్వికుని పేరుగా" అని దిద్దబోయి ఆగిపోయాను. అలాగే ఉంచండి. ఊసరవెల్లి కథకు చోటుంటే చేర్చండి, పిల్లలకు నచ్చుతుంది.